అట్ట లేని డిటెక్టివ్ నవల

పిల్లల చేతిలో డిటెక్టివ్ నవల కనబడితే గుంజుకోవాలి, అది టీచరుగా నా ధర్మం అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కాడి నుంచి మొన్నమొన్నటి దాకా ఆ ధర్మం తప్పలేదు. స్టాఫ్‌రూంలో నా బీరువా కింది అరలో అట్లా గుంజుకున్నవి పేరుకుపోయి ఉండేవి. మధుబాబు షాడో నవలలు, యుగంధర్ నవలలు, కుట్లు ఊడిన పాకెట్ బుక్కులు, ఈ మధ్య కాలంలోనైతే హైదరాబాదులో చదివే అక్కలో అన్నలో తెచ్చిచ్చిన ఇంగ్లీషు నవలలు. "పరీక్షలయినంక ఇస్త" అనేదాన్ని. పరీక్షలయ్యాక పేపర్లు దిద్దుడు, ఆ తర్వాత సెలవులు. ఎవరూ వచ్చి అడిగేవాళ్లు కాదు. అడగడం లేదంటే బుద్ధి తెచ్చుకున్నారని సంతోషపడేదాన్ని.

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో తెలుగు చెప్తాను. పిల్లలను నిజామాబాద్ ఖిల్లా చూపించడానికి తీసుకుపోతుంటాను. దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం కాలంలో ఖైదీలుగా ఉన్న జైలు అది. దాశరథి ఆ జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన సంగతి చెప్పి, "సాహిత్యమంటే ఇదీ, మీరు సంచుల్లో దాచుకునే చెత్త కాదు" అని అక్కడే నిలబెట్టి మందలించేదాన్ని. ఆళ్వారుస్వామి గురించీ చెప్పేదాన్ని. చిన్నతనంలో ఒక పంతులు ఇంట్లో పనికి ఉండి చదువు నేర్చుకున్న మనిషి. హోటల్లో సర్వరుగా చేసినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మినవాడు. పుస్తకాన్ని జనం దగ్గరికి మోసుకుపోయిన మనిషి గురించి అంత గొప్పగా చెప్పి, బడికి వచ్చాక పిల్లల దగ్గరున్న పుస్తకాన్ని బీరువాలో వేసి తాళం పెట్టేదాన్ని. అది ఎంత ఉల్టా పనో అప్పుడు తట్టలేదు.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఉపవాచకం రామాయణం నడుస్తున్నది. పుస్తకంలోకి వంచిన తల ఎత్తడం లేదు, ఎంత శ్రద్ధో అనుకుని దగ్గరికి పోయి చూస్తే రామాయణం లోపల ఇంకో చిన్న పుస్తకం. అట్ట లేదు. మొదటి పేజీలు కొన్ని ఊడిపోయాయి. పేరు లేదు, రాసిందెవరో లేదు. కాగితాలు పసుపురంగుకు తిరిగి అంచులు పెళుసుబారి ఉన్నాయి. కూర్చినచోట బీడీలకు వాడే దారంతో ఎవరో ఓపికగా కుట్టారు. ఆ కుట్టు చూసైనా ఆగాల్సింది. ఎవరో ఒకరు ఆ పుస్తకాన్ని పారేయకూడదనుకుని సూది పట్టుకుని కూర్చున్నారని అర్థం కావాల్సింది. కాలేదు. "మేడం, ఇయ్యాల ఒక్కరోజు ఉండనియ్యుండ్రి, రేపు నేనే తెచ్చి మీకిస్త" అని బతిమాలింది. వినలేదు.

ఎండాకాలం సెలవుల ముందు స్టాఫ్‌రూం శుభ్రం చేస్తూ పాత జవాబు పత్రాలతో పాటు కింది అరలోవన్నీ తుక్కుకు వేయమని నేనే చెప్పాను.

బడి తెరిచాక ఆ పిల్ల తల్లి టీసీ కోసం వచ్చింది. సంతకాలు అయ్యాయి. ఆమె కదలదు. కొంగు సరిచేసుకుంటూ నిలబడి, చివరికి అడిగింది. "కోపానికి రాకుండ్రి మేడం. మా బిడ్డ దగ్గర తీసుకున్న పుస్తకం ఉంటే ఇస్తరా? సగంలనే ఆగింది."

ఎవరు చదువుతున్నారమ్మా అన్నాను.

"పొద్దుగూకినంక మా వాకిట్ల నలుగురైదుగురం చాటలు పెట్టుకొని కూసుంటం. బీడీలు చుట్టుకుంట ఉంటే బిడ్డ బల్బు కింద కూసోని సదువుతది. మేం ఇంటం. ముసలి సేటు తలుపులు పెట్టుకున్న అర్రల సచ్చిపోయిండు. అల్లుడు కనిపిస్తలేడు. వాచ్‌మన్ అబద్ధం చెప్తుండు. ఎవలు సంపిన్రో తెల్వకనే పాయె."

మా జిల్లాలో బీడీ పని ఎట్లుంటుందో చూడనివాళ్ల కోసం చెప్తాను. తునికాకు నానబెట్టి, రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించి, లోపల తంబాకు పోసి, వేళ్లతో చుట్టి, మూతి మలిచి, దారం కట్టాలి. ఒడిలో చాట. కూలి వెయ్యి బీడీల లెక్కన. చేతులకూ కళ్లకూ తీరిక ఉండదు, చెవులకు మాత్రం ఉంటుంది. ఆ చెవుల కోసం పదిహేనేళ్ల పిల్ల రోజూ కొన్ని పేజీలు పైకి చదువుతున్నది. క్లాసులో పైకి చదవమంటే నోరు మెదపని పిల్ల ఆమె. బీడీ దారంతో కుట్టింది ఆ వాకిట్లోనే.

పుస్తకం పోయిందని ఆమెకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. "వెతికి ఇస్తాను" అన్నాను.

క్యూబాలో చుట్టలు చుట్టే కార్ఖానాల్లో ఇట్లాంటి ఏర్పాటే ఉండేదని ఎప్పుడో చదివాను. 1865లో హవానాలో మొదలైంది. కార్మికులు పని చేసుకుంటుంటే ఎత్తు పీట మీద కూర్చుని ఒకరు పొద్దున పత్రికలు, తర్వాత నవలలు చదివి వినిపించేవారు. ఆ మనిషికి జీతం కార్మికులే తమ కూలి డబ్బుల్లోంచి వేసుకుని ఇచ్చేవారు. వాళ్లకు బాగా ఇష్టమైన వాటిలో డ్యూమా రాసిన 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' ఒకటి. జైలు నుంచి తప్పించుకోవడం, గుప్తనిధి, పగ తీర్చుకోవడం, అంతా ఉత్కంఠే. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన మాంటెక్రిస్టో చుట్టల బ్రాండుకు ఆ పేరు ఆ నవల నుంచే వచ్చిందంటారు. కేరళలో కన్నూరు బీడీ కార్మికులు కూడా ఒకరితో పత్రికలు చదివించుకుని వినేవారు. ఇవన్నీ చదివినప్పుడు ఎంత మంచి సంప్రదాయమో అని మెచ్చుకున్నదాన్ని. అదే పని నా బడికి ఆమడ దూరం కూడా లేని వాకిట్లో జరుగుతుంటే నేనే ఆపాను.

దీనికంటే పాత తప్పు ఇంకొకటుంది. అదీ చెప్పేస్తాను.

మా నాయిన బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికుడు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది, ఆ నీళ్లతో చెరుకు పెరిగింది, 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని మా చిన్నప్పుడు గర్వంగా చెప్పుకునేవాళ్లం. నాయిన చదువు నిజాం కాలపు ఉర్దూ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఉర్దూ మాత్రం గడగడా చదివేవాడు. ఆయన దగ్గర ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' పుస్తకాలు ఉండేవి. 1952లో అలహాబాదులో మొదలైన వరుస అది. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ అందులో అపరాధ పరిశోధకులు. తర్వాత ఇంకో వరుసలో ఇమ్రాన్ వచ్చాడు. క్రషింగ్ సీజన్లో మిల్లు చప్పుడు రాత్రంతా వినబడేది, మడ్డి వాసన ఇంట్లోకి వచ్చేది. రాత్రి డ్యూటీ లేని రోజు నాయిన మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని తాను చదివిన కథ తెలుగులో చెప్పేవాడు. హమీద్ చమత్కారాలు మాత్రం ఉర్దూలోనే చెప్పి, మాకు అర్థమయ్యేదాకా విడమరిచేవాడు. మంచి పట్టు మీద ఆపి "మిగతాది రేపు" అనేవాడు. ఆ రేపటి కోసమే నేను అక్షరాలు తొందరగా నేర్చుకున్నాను. ఆయన చెప్పేదాకా ఆగలేక కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దెకు తెచ్చుకుని చదివాను. యుగంధర్, అతని అసిస్టెంటు రాజు నాకు బంధువుల కంటే ఎక్కువ తెలుసు.

తర్వాత ఎం.ఏ. చదివాను, పండిత శిక్షణ అయింది, ఉద్యోగం వచ్చింది. సాహిత్యం తెలిసిన స్నేహితులు ఇంటికి రావడం మొదలైంది. వాళ్ల కంట పడకూడదని నాయిన పుస్తకాలన్నీ మూట కట్టి అటక మీదికి ఎక్కించాను. నాయిన చూశాడు, ఏమీ అనలేదు. కొన్నేళ్లకు చెదలు తిన్నాయి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయిన రోజుల్లో ఆయన చాలా మాట్లాడాడు, కోప్పడ్డాడు. పుస్తకాల గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు చదువు మీద ఆశ పుట్టించిన పుస్తకాలను చూసి నేనే సిగ్గుపడ్డాను. పిల్లల దగ్గర గుంజుకున్న ప్రతిసారీ ఆ సిగ్గునే వాళ్ల మీద రుద్దాను.

పేరు తెలియని పుస్తకాన్ని వెతకడమంటే కథను బట్టి వెతకడమే. తలుపులు మూసిన గది, ముసలి సేటు, కనబడని అల్లుడు, అబద్ధమాడే వాచ్‌మన్. నిజామాబాద్‌లో పాత పుస్తకాలు అమ్మేవాళ్లను అడిగాను, హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే రాసులు తిరగేశాను. దొరికిన డిటెక్టివ్ నవలనల్లా తెచ్చి చదివాను. కొమ్మూరి, టెంపోరావు, విశ్వప్రసాద్, మధుబాబు. అదే కథ అవునో కాదో తెలియాలంటే చివరిదాకా చదవాలి కదా. చదువుతూ చదువుతూ వెతుకుతున్నాననే సంగతి మరిచిపోయి, తెల్లారేదాకా మేలుకున్న రాత్రులున్నాయి.

టీచరు కళ్లతో చదివితే కొమ్మూరి నాకు కొత్తగా కనిపించాడు. వాక్యాలు చిన్నవి. అనవసరమైన విశేషణం ఉండదు. ముగ్గురు మాట్లాడుతున్నా ఎవరి మాట ఏదో తికమక ఉండదు. తొమ్మిదో తరగతికి వచ్చి కూడా పేరా చదవలేక ఆగిపోయే పిల్లవాడు ఆ పేజీ మీద ఆగడు, ఎందుకంటే తర్వాతి సంగతి తెలియాలి. తెలియని మాట వస్తే దాటేస్తాడు, అదే మాట మళ్లీ వచ్చేసరికి అర్థం దానంతటదే పట్టుబడుతుంది. మేము శిక్షణ తరగతుల్లో చార్టులు వేసి చెప్పుకునేది ఇదే.

అన్నీ మంచివే అనను. షాడో నవలల్లో వేగం నాకు నచ్చింది, ఆడవాళ్లను చూపే తీరు నచ్చలేదు. యండమూరి 'తులసిదళం' చేత పట్టుకుంటే దించలేం, ఆ పట్టు గొప్పదే. కానీ చేతబడి నెపంతో మనుషులను కొట్టిన, చంపిన ఊళ్లున్న ప్రాంతం మాది. ఆ పుస్తకం పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని ఆ సంగతి మాట్లాడతాను. ఇదివరకైతే గుంజుకునేదాన్ని.

హైదరాబాదులో చదివే మా మేనకోడలు నా అవస్థ చూసి తన పుస్తకాలు ఇచ్చింది. అందులో మొదటిది హాలీ జాక్సన్ రాసిన 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్', 2019లో వచ్చింది. పిప్ అనే పదిహేడేళ్ల అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం తన ఊళ్లో అయిదేళ్ల కిందటి హత్యను తీసుకుంటుంది. ఊరంతా సాల్ సింగ్ అనే కుర్రవాడే హంతకుడని తీర్మానించేసి, అతని ఇంటివాళ్లను వెలివేసినట్టు చూస్తుంటారు. ఆ అమ్మాయి ఒప్పుకోదు. ఎవరు ఎక్కడున్నారు, ఏ గంటకు ఎవరికి ఫోను చేశారు, చెప్పిన మాటకు రుజువేమిటి అని ఒక్కొక్కటే రాసుకుంటుంది. మా ప్రాజెక్టు రికార్డులు గుర్తొచ్చి బాధపడ్డాను. అట్ట మీద రంగు కాగితం, లోపల ఎక్కడినుంచో దించిన రాత. ఊరంతా ఒకటంటుంటే "రుజువేది?" అని అడిగే పిల్లను తయారుచేసే పాఠం నా ఇన్నేళ్ల సర్వీసులో నేను చెప్పలేదు.

తర్వాత జపాన్ రచయిత కెయ్‌గో హిగషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. 2005 నాటి నవల. దీన్ని ఆధారం చేసుకునే 2023లో హిందీలో 'జానే జాన్' సినిమా వచ్చింది. నవలలో ఇషిగామి లెక్కల సారు. ఆయన పరీక్షలో ఇచ్చే ప్రశ్న రేఖాగణితం లెక్కలా కనిపిస్తుంది, నిజానికి అది ప్రమేయాల లెక్క. పిల్లలు పైచూపుతో మోసపోతారు. నవల మొత్తం ఆ సూత్రం మీదే నడుస్తుంది, చదివేవాళ్లం మనమూ తప్పు లెక్కే చేస్తూ పోతాం. చివరి పేజీల్లో గుండె పట్టేసింది. ప్రతిభ ఉండి, ఎవరూ వినని క్లాసులో పాఠం చెప్పుకుంటూ బతికే టీచరు ఒంటరితనాన్ని అంత లోతుగా రాసిన పుస్తకం నా "మంచి సాహిత్యం" జాబితాలో లేదు.

ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' పదిహేనేళ్ల పిల్ల రాయడం మొదలుపెట్టిన నవల. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిది. ఉన్నోళ్ల పిల్లలకూ లేనోళ్ల పిల్లలకూ మధ్య కొట్లాట. కాలిఫోర్నియాలో ఒక బడి లైబ్రేరియన్, అక్కడి పిల్లలు కలిసి ఈ నవలను సినిమాగా తీయమని దర్శకుడు కొప్పోలాకు ఉత్తరం రాస్తే, ఆయన 1983లో తీశాడు. పిల్లలు తాము చదివిన పుస్తకం కోసం ఉత్తరాలు రాశారు. నా పిల్లలు పుస్తకం కోసం నన్ను అడగడానికే భయపడ్డారు.

ఇంత తెలిశాక కూడా నాకు బుద్ధి పూర్తిగా రాలేదు. కొమ్మూరి నవల ఒకటి తొమ్మిదో తరగతిలో చదివించడం మొదలుపెట్టాను. రెండు రోజులు క్లాసు ఊపిరి బిగబట్టి విన్నది. మూడో రోజు నాలోని పండిట్ లేచింది. "యుగంధర్ పాత్ర స్వభావాన్ని వివరించండి. ఈ కథ వల్ల మీరు గ్రహించిన నీతి ఏమిటి? కింది పదాలకు పర్యాయపదాలు రాయండి" అని బోర్డు మీద ప్రశ్నలు రాశాను. అంతే, వెనక బెంచీల్లో కళ్లు వాలిపోయాయి. ఒక పిల్లవాడు లేచి చాలా మర్యాదగా అడిగాడు. "మేడం, ఇదీ పరీక్షల వస్తదా?" రాదు అన్నాను. బోర్డు తుడిపేశాను. కథ చదవడం, ఆపడం, "ఎవరనుకుంటున్నారు, ఎందుకు?" అని అడగడం, అంతవరకే పెట్టుకున్నాను. కారణం చెప్పకుండా పేరు చెప్తే ఒప్పుకోవద్దని వాళ్లే నియమం పెట్టుకున్నారు. ఒకరి వాదంలో లొసుగు ఇంకొకరు పట్టుకోవడం చూస్తే, వ్యాసం రాయడం నేర్పడానికి నేను పడ్డ తిప్పలన్నీ గుర్తొచ్చాయి.

నవల అయిపోయాక మీరే ఒకటి మొదలుపెట్టండి అన్నాను. మన ఊళ్లో జరగాలి, అంతే షరతు. చాలామంది లండన్ అని, ముంబై అని మొదలుపెట్టి మధ్యలో ఆగారు. ఒక పిల్లవాడు మాత్రం ఇట్లా మొదలుపెట్టాడు. అర్ధరాత్రి శక్కర్‌నగర్‌లో సైరన్ మోగింది. ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి తొమ్మిదేళ్లు.

క్లాసంతా అతని వైపు తిరిగింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి లే ఆఫ్ పెట్టేనాటికి ఆ పిల్లలు పలకలు కూడా పట్టలేదు. కానీ తాతల నోట, తండ్రుల నోట విని విని ఆ సైరన్ వాళ్లకు తెలుసు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు కలిపారు. గేటు లోపల లైటు కనిపించింది. పాత వాచ్‌మన్ తాళం మార్చారని చెప్తాడు. రావాల్సిన జీతాల లెక్క ఉన్న రిజిస్టరు మాయమైంది. దాన్ని వెతకడానికి ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి సైకిళ్ల మీద బయల్దేరతారు. జానకంపేట రైల్వే గేటు, నిజాంసాగర్ కాలువ గట్టు, మంజీర ఇసుక, అన్నీ కథలోకి వచ్చాయి. మా జిల్లాలో ఏం జరిగిందో పిల్లలు ఇంత పట్టుదలగా అడగడం నేను సాంఘికశాస్త్రం క్లాసులో కూడా చూడలేదు.

ఆ తల్లి పుస్తకం దొరకలేదు. ఒక సాయంత్రం వాళ్ల వాకిటికి పోయి ఉన్న సంగతి చెప్పాను, తుక్కులో వేయించింది నేనేనని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దామె ఒకావిడ, "పోనీ బిడ్డా, ఇంకోటి తెచ్చినవా?" అన్నది. సంచిలో కొమ్మూరి నవల ఉంది. పిల్ల ఇంటర్‌లో చేరింది, కాలేజీ నుంచి ఇంకా రాలేదు. నేనే కూర్చుని చదివాను. నా చదువులో ఆడంబరం ఎక్కువైతే, "మెల్లగ సదువు, ఆకు కత్తిరిచ్చేటప్పుడు ఇనవడ్తలేదు" అని దిద్దారు.

ఇప్పుడు అసలు దిగులు వేరు. బడిలో నా పిల్లలకు తర్వాత ఏం ఇవ్వాలి? మా తరానికి చందమామ ఉండేది. అందులో 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' వంటి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఉండేవారు. తన పేరు కూడా వేసుకోకుండా మమ్మల్ని నెల నెలా ఎదురుచూసేట్టు చేశారు. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన 'టామ్ సాయర్', 'కాంచనద్వీపం' ఉన్నాయి. చిన్నపిల్లలకు ఇప్పుడూ మంచి పుస్తకాలు వస్తున్నాయి. మంచి పుస్తకం సంస్థ, తానా కలిసి పిల్లల నవలలు వేస్తున్నాయి. కానీ పదమూడు దాటి పద్దెనిమిది నిండని పిల్లలు, మీసాలు మొలుస్తూ, ఇంట్లో చెప్పుకోలేని సంగతులు మనసులో పెట్టుకుని తిరిగే పిల్లలు, తమ వయసు మనుషులు కథానాయకులుగా ఉన్న తెలుగు నవల కోసం చేయి చాపితే అందేవి బహు తక్కువ. ఇంగ్లీషు వచ్చినవాళ్లు పిప్ దగ్గరికి పోతారు. రానివాళ్లు ఫోను దగ్గరికి పోతారు.

తెలుగు రచయితలకు నా విన్నపం ఒక్కటే. పద్నాలుగేళ్ల పిల్లల కోసం నవల రాయండి. అందులో నేరం ఉండనివ్వండి, భయం ఉండనివ్వండి, నీతి లేకపోయినా పరవాలేదు. మా ఊళ్లను, మా చెరుకు తోటలను, మూతపడ్డ ఫ్యాక్టరీలను, బీడీలు చుట్టే వాకిళ్లను అందులోకి రానివ్వండి. వాక్యం చిన్నదిగా ఉండాలి, పైకి చదివితే వినసొంపుగా ఉండాలి. ధర కూలి చేసుకునేవాళ్లు కొనగలిగినంత పెట్టండి. మా బడి కోసం క్లాసుకు సరిపడా ప్రతులు నా జీతంలోంచి నేను కొంటాను.